ఎడమ వైరు అధికారి, కుడి వైరు అధికారి

ఊరి పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు గాని, ఉత్తరాంధ్రలో ఒక జిల్లా కేంద్రంలో ధ్రువపత్రాల కార్యాలయం ఒకటి ఉంది. పుట్టినవాడికి పుట్టినట్టు, పోయినవాడికి పోయినట్టు, బతికున్నవాడికి బతికున్నట్టు కాగితం ఇచ్చేది ఆ ఆఫీసే. ఆ కాగితాల లెక్కంతా రెండో అంతస్తులో ఒక చలిగదిలో, తలుపులు ఊడదీసిన ఇనప బీరువాలాంటి చట్రంలో బిగించిన పెట్టెలో ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారు. పెళ్ళింట్లో వియ్యపురాలికి కూడా అంత మర్యాద జరగదు. దానికి వేసవి, వానాకాలం లేకుండా ఏసీ. దాని కాళ్ళకింద రబ్బరు చాప. దాని గదిలోకి కలెక్టరు వచ్చినా చెప్పులు బయట విడిచి రావలసిందే.

ఆ పెట్టె వెనక రెండు వైర్లు ఉంటాయి. రెండూ చేసేది ఒకటే పని. ఒకదాంట్లో కరెంటు పోయినా రెండోది పెట్టెను నిలబెడుతుందని అలా పెట్టారు. మంచి ఏర్పాటే. కాకపోతే ఒక వైరు పీకేసి, హమ్మయ్య ఆగిపోయింది అనుకుని చెయ్యి పెడితే రెండో వైరు ఊరుకోదు. ఎక్కడో దూరపు జిల్లాలో ఒకాయన అలాగే చెయ్యి పెట్టి, గది ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్ళి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నెల్లాళ్ళు భార్య ముద్దలు కలిపి నోట్లో పెట్టవలసి వచ్చింది, పాపం.

అది జరిగిన మూడు నెలలకు రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. "సదరు ప్రమాదమునకు మూలకారణము రెండవ వైరుకు బాధ్యులు లేకపోవుటయే అని విచారణలో తేలినందున, ఇకపై ప్రతి వైరుకు ఒక అధికారిని నియమించవలెను" అని.

నియమించారు. సూపరింటెండెంటు భానోజీరావుగారు ఎడమ వైరు అధికారి అయ్యారు. స్టోర్సు చూసే త్రినాథమ్మగారు కుడి వైరు అధికారి అయ్యారు. తలుపుల మీద బోర్డులు రాయించారు. భానోజీరావుగారి ఇంటి ముందు కూడా చిన్న బోర్డు వెలిసింది. ఎడమ వైరు సీనియరా, కుడి వైరు సీనియరా అన్న సంగతి మీద ఇద్దరికీ వారం రోజులు మాటల్లేవు.

ఇంతకీ ఆ పెట్టెకు నిజంగా ఒంట్లో బాగోకపోతే చూసేవాడు పైడిరాజు. కాంట్రాక్టు ఎలక్ట్రీషియను. పదకొండేళ్ళుగా ప్రతి మార్చిలోనూ అతని ఉద్యోగం పోతుంది, ప్రతి ఏప్రిల్లోనూ మళ్ళీ వస్తుంది. నల్లగా, బక్కగా ఉంటాడు. చేతులు మాత్రం ఒంటికి మించి పెద్దవి. అతని తండ్రి అప్పలస్వామి కరెంటు లైన్‌మ్యాను. గాలివానలో సగం జిల్లా స్తంభాలు కూలిపోయిన ఏడాది కూడా పగలంతా స్తంభాల మీదే ఉండి, ఎక్కినవాడు ఎక్కినట్టే దిగాడు.

భద్రతా దినోత్సవం నాడు పెద్దసారు జగబంధు పట్నాయక్‌గారు, "క్షేత్రస్థాయి సిబ్బంది అనుభవాలు కూడా వినాలి" అని పైడిరాజును వేదిక ఎక్కించారు. అతను మైకుకి ఆమడ దూరంలో నిలబడి నాలుగు ముక్కలు చెప్పాడు.

"మా అయ్య స్తంభం ఎక్కీ ముందర ఫ్యూజు పీకీసి లాగూ జేబులో ఏసుకునీవోడు బాబూ. దిగొచ్చీదాకా అది ఆడి జేబులోనే. కింద ఎవుడైనా తెలక లైనిద్దామన్నా, ఫ్యూజేదీ? పైనున్నోడి కాడుంది. మరింకేటీ నేదు."

పట్నాయక్‌గారి కళ్ళు మెరిశాయి. "అద్భుతం! ఈ జానపద విజ్ఞానాన్ని సంస్థాగతం చేయాలి!" అన్నారు.

సంస్థాగతం చెయ్యడానికి పదహారు రోజులు పట్టింది. "పీకిన ప్లగ్గు, పని ముగియు వరకు, బాధ్యతగల వ్యక్తి చేతియందే ఉండవలెను" అని నియమం తయారైంది. పైడిరాజు సంతోషించాడు. ఇన్నాళ్ళకు ఒక కాగితంలో తన తండ్రి మాట ఎక్కిందనుకున్నాడు. ప్లగ్గులు ఇక తన దగ్గరే ఉంటాయి గదా అని భానోజీరావుగారిని అడిగాడు.

"నీ దగ్గరెలా ఉంటాయయ్యా? నువ్వు కాంట్రాక్టు. ప్రభుత్వ ఆస్తిని కాంట్రాక్టు వాళ్ళకి ఛార్జి ఇవ్వకూడదు. ప్లగ్గు ప్రభుత్వ ఆస్తి."

"మరి నా సెయ్యో బాబూ?"

భానోజీరావుగారు రిజిస్టరు తిరగేసి చూశారు. "అది మన స్టాకులో లేదు" అన్నారు.

ఆ విధంగా, చెయ్యి పెట్టేవాడి దగ్గర తప్ప మిగతా అందరి దగ్గరా ప్లగ్గు ఉండే ఏర్పాటు జరిగింది. గోడ వైపు కొసలు అధికారులవి. పెట్టె వైపు కొసలు ఎవరూ ఊడదియ్యకుండా త్రినాథమ్మగారు వాటికి గుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, ఆఫీసు ముద్ర వేశారు.

ఇంతలో మే నెల వచ్చింది. ఒకనాడు పైడిరాజు గదిలోకి వెళ్ళేసరికి మాడిన వాసన. ఇంట్లో గిన్నె అడుగంటిన వాసన వేరు, ఇది వేరు. ఇది గొంతులో పట్టుకుంటుంది. పెట్టె లోపల వైర్ల నుంచి కరెంటు పంచే బోర్డు మాడుతోంది. దాన్ని తీసి కొత్తది వెయ్యాలి, నలభై నిమిషాల పని. చెయ్యకపోతే ఏదో ఒకరోజు పెట్టె అంటుకుంటుంది, జిల్లాలో పుట్టినవాళ్ళెవరో పోయినవాళ్ళెవరో తెలియకుండా పోతుంది. పైడిరాజు అర్జీ రాశాడు. పట్నాయక్‌గారు తేదీ ఇచ్చి, "ఈ పని చేయనిచో కాంట్రాక్టు పునరుద్ధరణ పరిశీలించబడదు" అని కింద ఒక వాక్యం కలిపారు.

ఆ ఉదయం భార్య నూకరత్నం క్యారేజీ కడుతూ అడిగింది, "ఏటి మావా, అన్నం కెలుకుతున్నావు గాని తిన్లేదు?"

"ఇయ్యాల బోర్డు మార్చాల. ప్లగ్గులు ఆలు పట్టుకుంటారట."

"ఎవులు?"

"బానోజీరావుగారు ఒకటి, తినాదమ్మగారు ఒకటి."

నూకరత్నం క్యారేజీ మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఆలు సెల్‌ఫోను సార్జింగు పెట్టడానికే నిన్ను పిలుస్తారు గదేటి!"

"అదేనే నా బాధ."

"నానొచ్చి పట్టుకుంతాను. నాకు సదువు నేదు గాని నా మొగుడి సెయ్యి ఏదో నాకు తెల్దేటి?"

"నువ్వు పర్మినెంటు కాదు గదే" అని పైడిరాజు సైకిలెక్కాడు.

పది గంటలకు చలిగది ముందు తతంగం మొదలైంది. ఒంటి మీద లోహం ఉండకూడదని రూలు. అది మంచి రూలే, చేసేవాడి కోసం పెట్టింది. కానీ పట్టుకునేవాళ్ళకు కూడా వర్తింపజేశారు. వాచీలు, ఉంగరాలు, కళ్ళజోళ్ళు తీసి, రసీదులు రాసుకుని, పళ్ళెంలో పెట్టారు. భానోజీరావుగారి వెండి మొలతాడు దగ్గర అరగంట ఆగిపోయింది. అది పుట్టినప్పటిదట, తియ్యనన్నారు. చివరకు దాని మీద టేపు చుట్టి, "విద్యుద్బంధనము చేయబడినది" అని ధ్రువీకరించారు. త్రినాథమ్మగారి పుస్తెలకూ అదే చేశారు. పై వరసలో ఒక బంగారు పన్ను ఉందని ఆవిడే చెప్పారు, దాచకుండా. పని జరిగినంతసేపూ నోరు మూసుకుని ఉంటానని హామీపత్రం ఇచ్చారు.

పైడిరాజు పెట్టెను ముందు కంప్యూటరు తెరమీంచి పద్ధతిగా ఆపాడు. ఫ్యాన్లు నెమ్మదించాయి, దీపాలు ఆరిపోయాయి, చిన్న పచ్చదీపం ఒక్కటి మిగిలింది.

"ఆగిపోయిందిగా, ఇంక కానీ" అన్నారు భానోజీరావుగారు.

"ఆగలేదు బాబూ, పడుకుంది. వైరున్నంతసేపు లోపల కరెంటుంతాది. రెండూ పీకాల."

ఇద్దరూ పీకారు. పచ్చదీపం ఆరింది. ప్లగ్గులు చేతుల్లో పట్టుకుని, గుడిలో హారతి కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు. పైడిరాజు చాప మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఏం, మొదలెట్టవా?"

"పది నిమిషాలు ఆగాల. లోపలి డబ్బాల్లో కొంత మిగిలుంతాది. అదీ దిగాల."

"ఖాళీగా కూర్చోవడాన్ని ఏ పద్దు కింద చూపించమంటావు?" అంటూ భానోజీరావుగారు నోట్ చేసుకున్నారు.

పది నిమిషాలయ్యాక పైడిరాజు మూత విప్పి, మోచేతుల దాకా లోపలికి పెట్టాడు. రెండు మరలు వచ్చాయి. మూడోది తిరుగుతోంది. అప్పుడు భానోజీరావుగారికి ఇబ్బంది మొదలైంది. మనిషికి షుగరు ఉంది, గది చూస్తే ఫ్రిజ్జులా ఉంది, పొద్దున్న రెండు గ్లాసుల మజ్జిగ తాగి వచ్చారు. కాళ్ళు మార్చుకున్నారు. కిటికీలోంచి చూశారు. ఆఖరికి, "మేడమ్, ఒక్క ఐదు నిమిషాలు ఎడమ వైరు ఛార్జి తీసుకుంటారా?" అని అడిగారు.

త్రినాథమ్మగారు చేత్తో నోరు కప్పుకుని మాట్లాడారు. "రాసివ్వండి."

రాసిచ్చారు, వంకర టింకరగా, నడుం వంచుకుని. ఆవిడ ప్లగ్గు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. స్టోర్సులో ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ ఇరవై రెండేళ్ళలో పనిచేస్తుందో లేదో చూడకుండా గుండుసూది కూడా ఛార్జి తీసుకోలేదు. చెడిపోయిన ఫ్యాను తీసుకుని సంతకం పెట్టిన పాపానికి ఆవిడకు ముందు ఆ సీట్లో ఉన్నాయన పింఛనే ఆగిపోయింది. ఛార్జి కాగితంలో అచ్చు వేసి మరీ ఉంది, "పనిచేయు స్థితిలో ఉన్నదని పరీక్షించి స్వీకరించితిని" అని.

"పరీక్షించాలి గదా" అంటూ ప్లగ్గు తీసుకెళ్ళి గోడకు గుచ్చారు.

పైడిరాజుకు ఆ మాట వినిపించింది. విన్నాడో లేదో, మనిషి ఆలోచించే లోపలే చేతులు ఆలోచించాయి. రెండూ బయటికొచ్చాయి, అతను వెనక్కి వెల్లకిలా పడ్డాడు. పెట్టెలో పచ్చదీపం వెలిగింది, ఫ్యాను గిర్రున తిరిగింది.

"పనిచేస్తోంది" అని త్రినాథమ్మగారు సంతకం పెట్టారు.

పైడిరాజు నేలమీద కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. పది. మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజు ఇక చెయ్యనని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు అతనికి మెమో వచ్చింది. "తేదీ పన్నెండున ఉదయం 11.52 గంటలకు, పై అధికారుల అనుమతి పొందకుండా, విధి నిర్వహణలోనున్న మీ రెండు చేతులను యంత్రము నుండి ఏకపక్షముగా ఉపసంహరించుకొని, స్వీకరణ పరీక్షకు భంగం కలిగించితిరి. సంజాయిషీ ఇవ్వవలెను."

పైడిరాజు క్యాంటీనులో కూర్చుని సంజాయిషీ రాశాడు. "చేతులు నావి గనక తీసుకున్నాను. ఈసారి తీయవలసి వస్తే ముందుగా దరఖాస్తు పెట్టుకుంటాను. కరెంటును కూడా అందాకా ఆగమని చెప్పవలసిందిగా ప్రార్థన."

విచారణ కమిటీ మూడుసార్లు కూర్చుంది, ప్రతిసారీ పకోడీలు తెప్పించుకుంది. త్రినాథమ్మగారు పరీక్షించడం సక్రమమే అని తేల్చింది. తప్పంతా చలిదని కూడా తేల్చింది. అధికారులు ఎక్కువసేపు నిలబడలేకపోతున్నారు గనక, ప్రతి అరగంటకూ ప్లగ్గులు చేతులు మారాలని, మారిన ప్రతిసారీ పరీక్షించాలని, పరీక్షకు ముందు గంట కొట్టాలని సిఫారసు చేసింది. గంట కొనడానికి కొటేషన్లు పిలిచారు.

పైడిరాజు ఆ కాగితం చదివి వేళ్ళమీద లెక్క చూసుకున్నాడు. అరగంటకోసారి పరీక్ష. పరీక్ష అయిన ప్రతిసారీ పది నిమిషాలు ఆగాలి. మిగిలేది ఇరవై నిమిషాలు. పని నలభై నిమిషాలు. సగం విప్పిన పెట్టెలో ఎవరో ఒకరు కరెంటు పెట్టి చూస్తూనే ఉంటారు. వద్దంటే కాంట్రాక్టు పోతుంది, అది సరే. కానీ తన బదులు ఎవడో తెలియనివాడు వస్తాడు. వాడు గంట మోగేదాకా చెయ్యి లోపలే ఉంచుతాడు.

రెండో తేదీ నాడు పైడిరాజు భానోజీరావుగారి దగ్గరకు వెళ్ళి వినయంగా నిలబడ్డాడు.

"బాబూ, కొత్త బోర్డు బరువుగుంది. నేను మరలు బిగించీవరకు ఎవులో ఒకలు కింద నుంచి సెయ్యి ఆన్చాల. జారి పడితే పగిలిపోతాది. రాష్ట్రంలో అది ఒక్కటే ఉందట. నిలకడున్న సెయ్యి కావాల. ఆఫీసులో మీ సంతకానికున్న నిలకడ ఇంకెవుల సంతకానికీ నేదు."

భానోజీరావుగారు పొంగిపోయారు. రూల్సులో కూడా "అధికారి దగ్గరుండి సహకరించవలెను" అని ఉండనే ఉంది. ప్లగ్గులు పీకి, పది నిమిషాలు ఆగి, పైడిరాజు పాత బోర్డు తీసేశాక, ఆయన ఎడమచేత్తో ఎడమ ప్లగ్గు పట్టుకుని, చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచెయ్యి పెట్టెలోకి పెట్టారు. దాని పక్కనే పైడిరాజు రెండు చేతులూ పెట్టాడు. బోర్డు భానోజీరావుగారి అరచేతిలో కూర్చుంది.

"ఒగ్గీయకండి బాబూ. ఒగ్గీస్తే పడిపోద్ది."

"వదలనయ్యా. స్టాకు నా పేరు మీదే ఉంది."

ఒక మర పడింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. అరగంట అయింది. గంట ఇంకా కొటేషన్లలోనే ఉంది గనక అటెండరు పళ్ళెం మీద గరిటెతో కొట్టాడు. పట్నాయక్‌గారు స్వయంగా వచ్చారు, వెనక ఫోటో తీసేవాడితో. కుడి వైరు ఛార్జి తానే తీసుకుని కింది సిబ్బందికి ఆదర్శంగా నిలవాలని వచ్చారు. త్రినాథమ్మగారు ప్లగ్గు, కాగితం రెండూ అందించారు.

"పరీక్షించి స్వీకరిస్తాను" అని పట్నాయక్‌గారు గోడవైపు తిరిగారు.

భానోజీరావుగారి మొహం తెల్లబడింది. "సార్! ఆగండి సార్!"

"ఏమైంది?"

"లోపల చెయ్యి ఉంది సార్!"

"తెలుసు. మెమో కూడా ఇచ్చాం కదా."

"అతనిది కాదు సార్, నాది!"

"తీసెయ్యండి మరి."

"తీస్తే బోర్డు పడిపోతుంది సార్! నా ఛార్జి సార్!"

"అలాంటప్పుడు ఉంచండి."

"ఉంచితే నేను పోతాను సార్!"

పట్నాయక్‌గారు ప్లగ్గును గోడకు అంగుళం దూరంలో పట్టుకుని ఆలోచించారు. "భానోజీరావుగారూ, నిబంధన స్పష్టంగా ఉంది. పరీక్షించకుండా స్వీకరించకూడదు. దానిమీద మీరే సంతకం చేశారు."

"అప్పుడు చెయ్యి బయటుంది సార్!" భానోజీరావుగారికి ఆ చలిలో చెమట కారి కళ్ళలో పడుతోంది, తుడుచుకోడానికి చెయ్యి లేదు. పక్కనే పైడిరాజు కదలకుండా, మెదలకుండా, ఆయన మొహంలోకే చూస్తున్నాడు. అతని చేతులూ అక్కడే ఉన్నాయి. అప్పుడు భానోజీరావుగారు ఆ చేతుల్ని చూశారు, పదకొండేళ్ళలో మొదటిసారి. మణికట్టు మీద పాత కాలిన మచ్చ ఉంది. బొటనవేలు గోరు సగమే ఉంది.

"ఇతనికిచ్చెయ్యండి సార్!" అని అరిచారు. "రెండూ ఇతనికే ఇచ్చెయ్యండి!"

"అతను కాంట్రాక్టు కదా?"

"కాంట్రాక్టే సార్! అయినా సరే సార్! ప్లగ్గు ఎవరి దగ్గరుండాలో ఇందులో చెయ్యి పెట్టినవాడికే తెలుస్తుంది సార్!"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో త్రినాథమ్మగారు మొదటిసారి కాగితం లేకుండా ఒక పని చేశారు. పట్నాయక్‌గారి చేతిలోంచి ప్లగ్గు లాక్కున్నారు, భానోజీరావుగారి ఎడమచేతిలోదీ తీసుకున్నారు. కుర్చీ వేసుకుని పెట్టె వెనక లక్కముద్రలు తన చాకుతోనే గీకేశారు. ఊడివచ్చిన రెండు వైర్లూ తెచ్చి పైడిరాజు మెడలో వేశారు.

"స్వీకరించినట్టు సంతకం..." అనబోయి, నోరు మూసుకున్నారు. బంగారు పన్ను గుర్తొచ్చి కాదు.

పని ముప్ఫై ఐదు నిమిషాల్లో అయిపోయింది. పైడిరాజు చివరి మర బిగించి, భానోజీరావుగారి చెయ్యిని పసిపిల్లను దింపినట్టు నెమ్మదిగా బయటికి తీసి పెట్టాడు. ఆ చెయ్యి కాసేపటిదాకా బోర్డు పట్టుకున్నట్టే ఉండిపోయింది.

పట్నాయక్‌గారు రాజధానికి నివేదిక పంపారు. "ప్లగ్గు పట్టుకొను అధికారి యొక్క రెండవ చేయి యంత్రములో నుండగా, భద్రతపై శ్రద్ధ గణనీయముగా పెరుగుచున్నట్లు మా కార్యాలయమున కనుగొనబడినది" అని. రాజధానివాళ్ళు మెచ్చుకుని, ఆ పద్ధతినే అన్ని జిల్లాలకూ వర్తింపజేశారు. ఇకపై వైరు అధికారులందరూ ఒక చేత్తో ప్లగ్గు పట్టుకుని, రెండో చెయ్యి యంత్రంలో ఉంచి నిలబడాలి.

వారం తిరగకుండా రాష్ట్రమంతా వైరు అధికారులకు నడుం నొప్పులు, కళ్ళు తిరగడాలు మొదలయ్యాయి. కొందరికి తమ వైరు మీద మమకారమే పోయింది. తలుపుల మీద బోర్డులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ప్లగ్గులు పనివాళ్ళకు ఇవ్వమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఈరోజుకీ లేదు. ఊరికే ఇచ్చేశారు.

ఆషాఢంలో రాజధాని నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. కుర్రవాడు, చేతిలో పెద్ద ఫైలు. చెప్పులు విడిచి చలిగదిలోకి వస్తూనే, "ఎడమ వైరు అధికారి ఎవరు? కుడి వైరు అధికారి ఎవరు? ఇద్దరూ హాజరు కావాలి" అన్నాడు.

చట్రం వెనక నుంచి మాట వినిపించింది. "ఇద్దరూ నేనే బాబూ. పది నిమిషాలు ఆగండి, సేతులు లోపలున్నాయి."

తనిఖీ ఆయన వంగి చూశాడు. మెడలో రెండు నల్లటి వైర్లు వేసుకుని ఒక బక్క మనిషి పెట్టెలో మోచేతుల దాకా మునిగి ఉన్నాడు. ఆయన ఏదో అనబోయాడు. ఫైల్లో ఏదో వెతకబోయాడు. తరవాత ఫైలు మూసి చంకలో పెట్టుకుని, గోడ దగ్గరున్న స్విచ్చులకు దూరంగా జరిగి, ఆ చలిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.